మైకులో పేరు చదివాక చర్చికి రావడం మానేసిన కుటుంబం: సంఘం ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: చిత్తూరు దగ్గర ఒక మండల కేంద్రంలో మాది 80 కుటుంబాల సంఘం. ఈ ఏడు నన్ను సెక్రటరీగా పెట్టారు. మా సంఘంలో ఒక బ్రదర్ మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడు. లోన్ యాప్‌లలో అప్పులు చేశాడు. ఇంట్లో రోజూ గొడవ. ఆ సిస్టర్ స్త్రీల కూటంలో ఏడుస్తూ ఒకరిద్దరికి చెప్పుకుంది. ఆదివారం ప్రార్థన అంశాల్లో అయ్యగారు (మా పాస్టరు) పేరు పెట్టి చదివేశారు. ఆ తర్వాతి వారం నుంచి కుటుంబం మొత్తం రావడం లేదు. పెద్దల్లో కొందరు అతనికి బల్ల (ప్రభు భోజనం) ఆపాలంటున్నారు, కొందరు మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడదామంటున్నారు. ఇలాంటి కష్టాల్లో ఉన్నవాళ్ళకు సంఘం ఎలా తోడుగా ఉండాలి?

జవాబు: వందనాలు తమ్ముడూ. నేను తిరుపతిలో ఉంటాను. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా సంఘంలో స్త్రీల సమాజం పని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. అక్కడ చూసిందీ ఇక్కడ చూసిందీ కలిపి చెప్తాను. కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి. అన్నిటికంటే ముందు ఒక మాట: ఆ మూడు రోజుల ఉపవాసం ఆలోచన ఇప్పటికి ఆపించండి. ఎందుకో కింద రాశాను. ప్రాణం మీదికి వచ్చే విషయం అది.

మీరు తాగుడు, అప్పు, గొడవ అని మూడు కష్టాలు రాశారు. ఆ మూడూ ఉన్నన్నాళ్ళు వాళ్ళు చర్చికి వస్తూనే ఉన్నారు. మైకులో పేరు వినబడిన తర్వాతే మానేశారు. కాబట్టి సంఘం సరిదిద్దుకోవాల్సింది అక్కడినుంచే మొదలవుతుంది. చెప్పుకున్న మాట నాలుగు గోడలు దాటదని నమ్మకం లేని చోట మీరు ఎన్ని కూటాలు పెట్టినా, ఎంత మంచి వాక్యం చెప్పించినా, నిజంగా కష్టంలో ఉన్న మనిషి నోరు విప్పడు. జ్వరం, పరీక్షలు, వీసా, ఇల్లు కట్టడం లాంటివే ప్రార్థన అంశాలుగా వస్తాయి. మీ చీటీల పెట్టె ఒకసారి తెరిచి చూడండి, నేను చెప్పేది నిజమో కాదో తెలుస్తుంది.

ఇందులో అయ్యగారి చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. మన దగ్గర అలవాటే అట్లా ఉంది. వాట్సాప్ గ్రూపులో "ఫలానా సిస్టర్ కుటుంబ సమాధానం కొరకు ప్రార్థించండి" అని ఒకరు పెడతారు. కింద 40 మంది చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. ఆ గ్రూపులో ఆమె ఆడబిడ్డ కూడా ఉంటుంది, ఆమె పిల్లల స్కూల్ టీచరు కూడా ఉంటుంది. సాయంత్రానికి అత్తగారింటి నుంచి ఫోన్ వస్తుంది. ప్రార్థన ఎంతమంది చేశారో దేవుడికి తెలుసు, వార్త మాత్రం అందరికీ చేరిపోయింది.

మా సంఘంలో చీటీ మీదే రెండు గడులు పెట్టుకున్నాం: "అందరి ముందు చదవచ్చు", "అయ్యగారికి మాత్రమే". టిక్కు పెట్టకపోతే రెండోదే అని లెక్క. చదివేటప్పుడు కూడా ఇంకొకరి గురించి రాసిన చీటీ అయితే పేరు తీసేసి "ఒక కుటుంబం" అని చదువుతాం. గ్రూపులో ఒకరి ఇంటి విషయం ఇంకొకరు పెట్టకూడదు. ఇంతకంటే పెద్ద ఏర్పాటు అక్కర్లేదు, కానీ దీన్ని తప్పకుండా పాటించాలి. మొదట్లో కొందరికి కోపం వస్తుంది. "మేము ప్రార్థన చేయడానికే కదా అడుగుతున్నాం" అంటారు. పేరు తెలియకపోతే దేవుడు వినడా అని నవ్వుతూ అడగండి చాలు.

తర్వాత ముగ్గురు నలుగురిని ఎంచుకోండి. కనీసం ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి. బిగ్గరగా ప్రార్థన చేసేవాళ్ళను, కానుక ఎక్కువ ఇచ్చేవాళ్ళను చూసి ఎంచుకోకండి. ఎవరికి చెప్తే ఊరికి చెప్పినట్టు కాదో వాళ్ళను చూడండి. అలాంటివాళ్ళు ప్రతి సంఘంలో ఉంటారు, ఎక్కువగా వెనక వరుసల్లో కూర్చుంటారు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్ర భోజనం సంగతి చూడటానికి ఏడుగురిని ఏర్పరచినప్పుడు మంచిపేరు ఉన్నవాళ్ళను చూడమన్నారు గదా, ఆ కొలత మనకూ సరిపోతుంది. వీళ్ళ చేతికి ఒక చిన్న కాగితం ఇవ్వండి: ఏ కష్టానికి ఎక్కడికి పంపాలి, ఏ నంబరుకు చేయాలి. నంబర్లు కింద వస్తూ ఉంటాయి, రాసుకోండి. ఎవరి పేరూ, ఎవరి విషయమూ రిజిస్టర్లో రాయొద్దు.

ఇప్పుడు ఆ ఇంటికి వెళ్ళే సంగతి.

మన పద్ధతి ఎట్లుంటుందో మీకు తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక పదిమంది బయల్దేరతారు. వీధి మొదట్లోనే బండ్లు ఆపి, గుమ్మంలోకి రాగానే పాట ఎత్తుకుంటారు. ఆ తల్లి పక్కింటికి కుర్చీల కోసం పరుగెత్తుతుంది, పిల్లాడు పాల పాకెట్టు కోసం అంగడికి పరుగెత్తుతాడు, అది కూడా అప్పు ఖాతాలోనే. తిరిగి పోయేటప్పటికి వీధిలో అందరికీ ఈ ఇంట్లో ఏదో అయిందని తెలిసిపోతుంది. ఇంటాయన విశ్వాసి కాకుండా భార్య ఒక్కతే చర్చికి వచ్చే ఇళ్ళు మన పల్లెల్లో బోలెడు. అక్కడ ఇలా వెళ్తే ఆమెకు ఆ రాత్రి దెబ్బలు కూడా పడొచ్చు.

మీ విషయంలో మొదట అయ్యగారు వెళ్ళాలి, తోడుగా ఒక్కరే. మామూలు రోజు సాయంత్రం, ముందుగా ఫోన్ చేసి. ఆయన చెప్పాల్సింది ఒక్కటే: "మీ పేరు అందరి ముందు చదవడం నా పొరపాటు, నన్ను క్షమించండి." చెప్పి, టీ ఇస్తే తాగి, లేచి రావాలి. "చర్చికి ఎందుకు రావడం లేదు" అనే ప్రశ్న ఆ రోజు అడగకూడదు. తాగుడు గురించి ఎత్తకూడదు. వాక్యం చదివి గద్దించడం అసలే వద్దు. వాళ్ళు అడిగితే రెండు నిమిషాలు ప్రార్థన చేయొచ్చు. ఒక సేవకుడు ఇంటికి వచ్చి క్షమించమని అడగడం మన వైపు జనం అంత తొందరగా మరిచిపోరు. అయ్యగారు ఇందుకు ఒప్పుకోకపోతే మిగతా పని రెండింతలు కష్టమవుతుంది, కానీ ఆపకండి. పెద్దల్లో ఎవరో ఒకరు సంఘం తరఫున అడగొచ్చు.

ఇక తాగుడు. మీరు "మళ్ళీ" అని రాశారు. మొదటిసారి మానినప్పుడు స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించారా? చెప్పించే ఉంటారు. నెల రోజులు మానాడో లేదో మైకు చేతికిస్తాం, చప్పట్లు కొడతాం. ఆ తర్వాత ఒక పెళ్ళిలోనో పండక్కో ఒక గ్లాసు పడుతుంది. మామూలు మనిషైతే మర్నాడు ఇంకో ప్రయత్నం చేస్తాడు. సాక్ష్యం చెప్పిన మనిషికి మాత్రం మొహం చూపించుకునే దారి ఉండదు. దాస్తాడు, దాచడానికి ఇంకా తాగుతాడు. తాగుడు మానే క్రమంలో మళ్ళీ జారడం ఎక్కువమందికి జరిగేదే, ఆసుపత్రిలో అది మాకు కొత్త కాదు. అందుకే కనీసం ఏడాది గడిచేవరకు ఎవరిచేతా తాగుడు సాక్ష్యం చెప్పించొద్దని నా గట్టి అభిప్రాయం.

ఉపవాసం ఎందుకు వద్దన్నానో చెప్తాను. ముందు ఆయన భార్యను మెల్లగా అడిగించండి: పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా, ఒక గుక్క పడితేగానీ ఆ వణుకు ఆగదా? అవునంటే శరీరం మందుకు పూర్తిగా అలవాటు పడిపోయిందని అర్థం. అట్లాంటి మనిషి ఉన్నట్టుండి మానేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో పిలుస్తున్నారంటారు, లేచి పారిపోతారు. సరిగ్గా మీ మూడు రోజుల కూటం అంత సమయం ఇది. అక్కడ చుట్టూ ఉన్నవాళ్ళు ఏమంటారు? దయ్యం పట్టిందంటారు. చేతులు కాళ్ళు పట్టుకుని ఇంకా గట్టిగా ప్రార్థన చేస్తారు. ఆ సమయంలో వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. పైగా ఎక్కువ తాగేవాళ్ళ ఒంట్లో విటమిన్ బి1 బాగా తగ్గిపోయి ఉంటుంది. తిండి కూడా మాన్పిస్తే అది మెదడుకే దెబ్బ.

ఆసుపత్రిలో చేర్చుకుని, వణుకు రాకుండా మాత్రలు ఇచ్చి రోజు రోజుకూ తగ్గిస్తారు, బి1 ఇంజెక్షన్లు ఇస్తారు. చాలామందికి వారం పది రోజుల్లో ఈ గండం గడుస్తుంది. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మీకు చిత్తూరు నుంచి వేలూరు దగ్గర కాబట్టి అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి) వాళ్ళ బాగాయం మానసిక వైద్య కేంద్రం కూడా అందుబాటులోనే ఉంది. అక్కడ ఇంటివాళ్ళు కూడా రోగి పక్కనే ఉండి చికిత్సలో పాలు పంచుకునే పద్ధతి ఎప్పటినుంచో నడుస్తోంది. మత్తు మానడానికి ప్రభుత్వ ఉచిత నంబరు 14446. ఉపవాసం చేయాలనుకున్న పెద్దలు నిరభ్యంతరంగా చేయొచ్చు, ఆయనకు మాత్రం అన్నం పెట్టించండి. ఆసుపత్రిలో ఉన్న ఆ పది రోజులూ వంతులవారీగా పక్కన కూర్చోవడం, ఇంటి దగ్గర పిల్లలకు క్యారియర్ పంపడం, ఇవి మీ సంఘం చేయగలిగినంత బాగా ఏ ఆసుపత్రీ చేయలేదు.

డిశ్చార్జి తర్వాత ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు ఎక్కడ జరుగుతుందో కనుక్కోండి. 1935లో అమెరికాలో మొదలైన ఉద్యమం అది, ఫీజులేమీ ఉండవు, తాగి మానేసినవాళ్ళే నడుపుతారు. తాగినవాడి బాధ ఇంకో తాగినవాడు చెప్తేనే చెవికెక్కుతుంది. సంఘానికి పోటీ అని పెద్దలు అనుకోవాల్సిన పనిలేదు.

ఆ సిస్టర్‌తో మీ బృందంలోని ఆడవాళ్ళు విడిగా మాట్లాడాలి. ఇంట్లో గొడవ అని మీరు రాశారు. గొడవ అంటే మాటలేనా, చెయ్యి చేసుకోవడం కూడా ఉందా? ఇది ఆమె భర్త ముందు, అత్త ముందు అడిగే ప్రశ్న కాదు. చెయ్యి చేసుకోవడం ఉంటే భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించే పని పెట్టుకోకండి. మీ ముందు తల ఊపినవాడు ఇంటికి పోయి "అందరి ముందు నా పరువు తీశావు" అని కొడతాడు. "సర్దుకుపో తల్లీ, ప్రార్థన చెయ్యి" అని పంపడం మనం చాలా తేలిగ్గా చేసే పని. ఆ మాట విని తిరిగి వెళ్ళినవాళ్ళను నేను వార్డులో చూశాను, అంతకంటే వివరంగా రాయను. 2005లో వచ్చిన గృహహింస చట్టం ప్రకారం ఆమెకు అదే ఇంట్లో ఉండే హక్కు ఉంది, రక్షణ ఉత్తర్వు తెచ్చుకునే హక్కు ఉంది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే బాధిత మహిళలకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రానికి కలుపుతారు. లాయరుకు డబ్బు లేదని భయపడక్కర్లేదు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, నంబరు 15100. అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే 112.

అప్పుల విషయంలో లెక్కలు తెలిసిన ఒకరిని, బ్యాంకు ఉద్యోగి అయితే మరీ మంచిది, ఒక నోటు పుస్తకంతో కూర్చోబెట్టండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఏది ముందు. చాలామంది ఇది ఒక్కసారి కూడా రాసుకుని ఉండరు, రాత్రుళ్ళు నిద్రలేకపోవడానికి సగం టెన్షన్ అక్కడే. లోన్ యాప్‌లు ఫోన్లోని నంబర్లన్నిటికీ మెసేజీలు పెడతాయి, సంఘం వాళ్ళకూ వస్తాయి. వస్తే జవాబివ్వొద్దని, ఇంకొకరికి పంపొద్దని చెప్పండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు వాళ్ళు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఫొటోలు మార్చి బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయించండి. సంఘం డబ్బు సాయం చేయాలనుకుంటే పిల్లల ఫీజు నేరుగా స్కూల్లో కట్టండి, బియ్యం పప్పు కొనివ్వండి. అతని చేతికి నగదు ఇప్పుడు వద్దు. సంఘంలో ఎవరూ ఆయనకు జామీను సంతకం పెట్టొద్దు. ఒక్క జామీను వల్ల రెండు కుటుంబాలు మాట్లాడుకోకుండా పోయిన సంఘాలు మన జిల్లాలోనే ఉన్నాయి.

తాగుడు, అప్పు, అవమానం మూడూ ఒకే మనిషి మీద పడ్డాయి కాబట్టి ఇంకొకటి కూడా అడగాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, అట్లా జరగదు. అడిగినందుకు మనసు తేలికై ఏడ్చేవాళ్ళే ఎక్కువ. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుల మందు డబ్బాలుంటే అదే రోజు వేరే చోటికి చేర్పించండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు లేవు. "ఆత్మహత్య మహాపాపం తెలుసా" అనే మాటతో మాత్రం మొదలుపెట్టకండి. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవదూత రెండుసార్లు తిండి పెట్టి, నీళ్ళిచ్చి, పడుకోనిచ్చింది. దేవుడు ప్రశ్న అడిగింది ఆ తర్వాత, 40 రోజుల ప్రయాణం అయ్యాక.

రహస్యం కాపాడాలని ఇంత చెప్పాను కాబట్టి దానికి హద్దు కూడా చెప్పాలి. ప్రాణానికి ప్రమాదం ఉందంటే దగ్గరివాళ్ళకు చెప్పాల్సిందే. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం అని తెలిస్తే అది సంఘ పెద్దలు కూర్చుని తేల్చే విషయం కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098. నిందితుడు ఎంత పెద్ద సేవకుడైనా ఇదే. మీ బృందం మొదటి రోజునుంచే ఎవరితోనైనా "ఈ రెండు విషయాలు తప్ప మిగతావి మా దగ్గరే ఉంటాయి" అని చెప్పేయాలి.

మందుల గురించి ఒక మాట. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరుగెత్తుతాం, అప్పుడు విశ్వాసం తక్కువైందని ఎవరూ అనరు. అదే డిప్రెషన్ మాత్ర వేసుకుంటే అంటారు. మనసు మాత్రలు పనిచేయడానికి రెండు మూడు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. బాగైందనిపించగానే సొంతంగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది. "మాత్రలు పారేశాను, దేవుడు బాగుచేశాడు" అని మైకులో ఒకరు చెప్పిన వారానికి ఇంకో ఇద్దరు మాత్రలు మానేస్తారు. డాక్టరు చెప్తేనే మందు ఆపాలని అయ్యగారు పులిపిట్ నుంచి ఏడాదికి ఒకటి రెండుసార్లు చెప్పినా ఎన్నో ఇళ్ళు నిలబడతాయి.

మిగతా కష్టాలకు కూడా ఇదే మనసు చాలు. భర్త పోయిన ఇంటికి మొదటి వారం అందరం పోతాం. మూడో నెలలో, మరణ ధ్రువీకరణ పత్రం చేతబట్టుకుని సచివాలయానికీ బ్యాంకుకీ తిరిగేటప్పుడు పక్కన ఎవరూ ఉండరు. వితంతు పింఛను ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు, అర్జీ రాసి తోడు వెళ్ళే యువకులు మీ యూత్‌లో ఉంటారు కదా. పిల్లలు లేని చెల్లెళ్ళను ప్రతి ఆదివారం "ఏమైనా విశేషమా" అని అడగడం మానితే అదే వాళ్ళకు పెద్ద సాయం.

అయ్యగారి గురించి కూడా ఆలోచించండి. చిన్న సంఘంలో 80 ఇళ్ళ బరువు ఆయన ఒక్కరి మీద, ఆయన భార్య అమ్మగారి మీద ఉంటుంది. వాళ్ళింట్లో కష్టం వస్తే ఎవరితో చెప్పుకుంటారు? పక్క ఊరి సేవకులతో నెలకోసారి కలిసి కూర్చునే ఏర్పాటు ఉందేమో అడగండి. ఆడవాళ్ళు ఒంటరిగా కౌన్సిలింగుకు వస్తే అమ్మగారో మీ బృందంలో ఒక స్త్రీయో ఉండాలి, లేదా కనీసం తలుపు తెరిచి ఉండాలి. దీనివల్ల వచ్చినవాళ్ళకూ రక్షణ, ఆయనకూ రక్షణ.

చివరికి బల్ల ఆపే సంగతి. జబ్బుతో, అప్పుతో, అవమానంతో ఉన్నవాడు చర్చికే రానప్పుడు అతనికి బల్ల ఆపితే ఏం తేలుతుంది? భార్యను కొడుతున్నాడని తేలితే అది వేరే మాట. అప్పుడు పెద్దలు గట్టిగా నిలబడాలి, నేనూ ఆ పక్షమే. ఇప్పటికైతే సెక్రటరీగా అజెండా రాసేది మీరే కాబట్టి ఆ అంశాన్ని వచ్చే నెల మీటింగుకు జరపండి. ఎవరైనా అడిగితే అయ్యగారు వాళ్ళింటికి వెళ్ళొచ్చాక మాట్లాడదామని చెప్పండి. బాగాయంలో ఓపీ కార్డు, గదుల గురించి ఏమైనా తెలుసుకోవాలంటే ఇక్కడే అడగండి. వాళ్ళ పేరు, ఊరు మాత్రం రాయొద్దు.